నవంబర్ ఎనిమిది దాకా నా వంతే

ఇర్వింగ్,
అక్టోబర్ 5, 2025, ఆదివారం.

నమ్రతకి,

ఇంటి నిండా ఫోన్లు, లాప్‌టాప్‌లు పెట్టుకుని మా తోడికోడలు కాగితం మీద రాస్తోందేమిటి అని నవ్వుకుంటున్నావా? నవ్వుకో. నీకు ఫోన్ చేస్తే అత్తయ్య వంటింట్లోంచే "స్పీకర్ పెట్టు, నేనూ వింటాను" అంటారు. వాట్సాప్‌లో రాద్దామా అంటే మా హంసిక నా ఫోన్ తీసి నానమ్మకి మెసేజ్‌లన్నీ చదివి వినిపిస్తుంది. డ్యూటీలో ఉన్నంతసేపూ నా ఫోన్ లాకర్లో ఉంటుంది. అందుకే బ్రేక్ రూమ్‌లో కూర్చుని, హంసిక నోట్‌బుక్‌లోంచి నాలుగు కాగితాలు చింపి రాస్తున్నాను. పోస్టాఫీసు మాత్రం మూతపడలేదు, అదృష్టం.

మూతపడటం అంటే గుర్తొచ్చింది, అసలు సంగతి అదే. ఒకటో తారీఖు నుంచి గవర్నమెంట్ షట్‌డౌన్, బడ్జెట్ తేలక ఆఫీసులు మూత. టీవీలో చూసే ఉంటావు. కొంతమంది తాళం వేసుకుని ఇళ్ళకి పోయారు. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ వాళ్ళం అత్యవసరం కింద లెక్క కాబట్టి మేం మాత్రం రోజూ రావాల్సిందే. జీతం గవర్నమెంట్ ఎప్పుడు తెరిస్తే అప్పుడు. మీ బావగారి కాంట్రాక్ట్ ఆగస్టులో అయిపోయిందని నీకు తెలుసు. రోజూ తలుపేసుకుని ఇంటర్వ్యూలు ఇస్తున్నారు. అత్తయ్య అవి మీటింగులు అనుకుంటున్నారు.

ఈ రెండు సంగతులూ ఆవిడకి తెలియకూడదు. తెలిసిన రోజునుంచే రెండో కాఫీ మానేస్తారు. మన మాట ప్రకారం ఆరు నెలలు నా దగ్గర, ఆరు నెలలు నీ దగ్గర. మే ఎనిమిదిన వచ్చారు, నవంబర్ ఎనిమిదిన నీ దగ్గరికి బయల్దేరతారు. టికెట్ కూడా తీశాం. ఈ నెల రోజులూ ఎలాగో నెట్టుకొస్తాను, నువ్వు కంగారుపడి ఏమీ చెయ్యొద్దు. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి రాశాను, అంతే.

ఆవిడకి నా ఉద్యోగం అంటే ఎలాగూ చిన్నచూపే. గుళ్ళో ఎవరైనా "పెద్ద కోడలు ఏం చేస్తారండీ?" అంటే "ఎయిర్‌పోర్టులో ఏదో పనిలెండి" అని మాట మారుస్తారు. నీ గురించి అడిగితే మాత్రం కంపెనీ పేరుతో సహా చెబుతారు. మొన్న "జనం చేత చెప్పులు విప్పించే ఉద్యోగం" అన్నారు. చెప్పులు విప్పించడం జూలైలోనే ఎత్తేశారత్తయ్యా అన్నాను. "అయితే ఇంక నీకక్కడ పనేముంది?" అన్నారు. ఏం చెప్పమంటావు!

దియకి ముద్దులు. మా మరిది కౌశిక్‌ని అడిగానని చెప్పు.

బ్రేక్ అయిపోయింది,
అనురాధ


రెడ్‌మండ్,
అక్టోబర్ 10, శుక్రవారం.

అనురాధక్కా,

నీ ఉత్తరం చూసి మీ మరిది కోర్టు నోటీసేమో అని హడలిపోయారు. నేనేమో చదివి రెండు రోజులు ఆఫీస్‌లో ఏ పనీ చెయ్యలేకపోయాను.

నేనొక మాట అంటాను, కోప్పడకు. క్విట్ చేసేయ్ అక్కా. జీతం ఇవ్వనివాళ్ళ కోసం యూనిఫాం ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్తావా? నాకు జీతం ఒక్క రోజు లేటైతే హెచ్‌ఆర్ వాళ్ళకి ఈమెయిల్ మీద ఈమెయిల్ కొడతాను. నీకు పిల్లలకి పాఠం చెప్పిన అనుభవం ఉంది. తెనాలి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదానివి, అక్కడ ట్యూషన్ సెంటర్లకి కరువా?

ఇంకో మాట. అత్తయ్యని ఇప్పుడే పంపించేయ్. టికెట్ డేట్ నేను చేంజ్ చేయిస్తాను. నీకు ఒక మనిషి ఖర్చైనా తగ్గుతుంది. మా టీమ్‌లో లేఆఫ్ లిస్టులంటూ గుసగుసలు ఉన్నాయి, నా వీసా సంగతి నీకు తెలుసు, అయినా పర్వాలేదు. మాకేం ఇబ్బంది లేదు. దియకి నానమ్మ కథలు కావాలట.

ఇంతకీ మీ మెయిల్ బాక్స్ తాళంచెవి అత్తయ్య దగ్గరే కదా ఉండేది? రోజూ మధ్యాహ్నం వాకింగ్‌కి వెళ్ళి పోస్టు తెచ్చేది ఆవిడే కదా? ఈ ఉత్తరం ఆవిడ చేతిలో పడితే ఎలా?

జాగ్రత్త అక్కా. వేళకి తిను.

నీ
నమ్రత


ఇర్వింగ్,
అక్టోబర్ 16, గురువారం.

నమ్రతకి,

ముందు నీ చివరి ప్రశ్నకి జవాబు. అవును, నీ ఉత్తరం అత్తయ్యే తెచ్చి నా చేతికిచ్చారు. "మీ చెల్లెలు రాసింది, వంటల సంగతులేమో" అన్నారు. ఆవిడ ఇంకొకళ్ళ కవరు చింపే మనిషి కాదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. అది సరేగానీ, కవరు అంటించడానికి అన్నం మెతుకులు వాడుతున్నావేమిటి? మూత దగ్గర ఎండిపోయిన మెతుకులు రాలాయి. రెడ్‌మండ్‌లో గమ్ దొరకదా?

ఇంక మిగతాదానికి. ఒక మనిషి ఖర్చట! ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? అత్తయ్య నా ఇంట్లో ఖర్చు కాదు. వంతు అంటే వంతే. నవంబర్ ఎనిమిది దాకా నా వంతు. ఒక్కరోజు ముందు పంపినా ఆవిడ ఎందుకని అడుగుతారు, జనం ఎందుకని అడుగుతారు, అన్నిటికంటే ముందు నన్ను నేనే అడుగుతాను. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు.

ఉద్యోగం సంగతి విను. నిన్న మా షిఫ్ట్‌లో ఇరవై ఇద్దరికి పద్నాలుగు మందే వచ్చారు. రానివాళ్ళని నేను తప్పు పట్టను. రోసాకి ఇద్దరు పసిపిల్లలు, బేబీసిట్టర్ అప్పు మీద రానంది. ఇంకొకతను కార్లో పెట్రోలుకి డబ్బుల్లేక ఆగిపోయాడు. ఆరు లైన్లు నడవాల్సిన చోట రెండు నడుస్తున్నాయి. జనం పార్కింగ్ దాకా నిలబడుతున్నారు. వాళ్ళ విసుగంతా మా మీదే.

అయినా నేను వెళ్తాను. ఎందుకో చెప్పనా? నాకు ఆ పని వచ్చు. బాగా వచ్చు. ఈ దేశంలో పన్నెండేళ్ళు డిపెండెంట్ వీసా, గ్రీన్ కార్డ్ అంటూ ఇంట్లో కూర్చున్నాను. సిటిజన్‌షిప్ రాగానే పరీక్ష రాసి నా అంతట నేను తెచ్చుకున్న ఉద్యోగం ఇది. ఎక్స్‌రే తెర ముందు కూర్చుంటే నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మనవాళ్ళ బ్యాగ్ వస్తే కందిపొడి డబ్బా ఏదో, నెయ్యి సీసా ఏదో పేరుపేరునా చెబుతాను. పక్కన మార్కస్ అని ఒకతను ఉంటాడు. మొదట్లో ఆ చక్రాలేమిటని అడిగేవాడు, జంతికలు అని చెప్పాను. ఇప్పుడు తెర మీద కనపడగానే వాడే "జంతికాస్" అని వదిలేస్తాడు.

ఎనిమిదేళ్ళ తర్వాత లీడ్ ఆఫీసర్ పోస్టుకి నా పేరు లిస్టులోకి ఎక్కింది. డిసెంబర్లో ఇంటర్వ్యూ. ఇప్పుడు నా మీద ఒక్క మచ్చ పడితే పేరు తీసేస్తారు. నాకు కావాల్సింది ఆ పోస్టు. అది వచ్చేదాకా జీతం ఉన్నా లేకపోయినా నేను కదలను. అర్థమైందా?

ఏమీ పంపకు. గట్టిగా చెబుతున్నాను. ప్రయాణికుల దగ్గర మేం మంచినీళ్ళ సీసా కూడా ముట్టుకోకూడదు. బయట కూడా నాకెవరి సాయమూ వద్దు.

అత్తయ్య రెండు రోజులుగా ముభావంగా ఉన్నారు. శనివారం గుడికి రానంటున్నారు, మోకాలు నొప్పట. దీపావళికి చీర కొందామంటే "ఉన్నవే కట్టడం లేదు" అన్నారు. నా మీద దేనికో అలిగారు. అడిగితే చెప్పరు.

పండగ బాగా చేసుకోండి.

కోపం తగ్గాక మళ్ళీ రాస్తాను,
అనురాధ


రెడ్‌మండ్,
అక్టోబర్ 20, సోమవారం, దీపావళి.

అనురాధక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. అంటే కోపం వచ్చిందన్నమాట. నాకు తెలుసు, నువ్వు ఏదీ అడగవు. అడగనివాళ్ళకి అడక్కుండానే చెయ్యాలి కదా.

నా ఫ్రెండ్ స్మృతి గుర్తుందా, దియ బర్త్‌డేకి పాట పాడింది? వాళ్ళ చెల్లెలి సీమంతానికి ఇర్వింగ్ వస్తోంది. దాని చేత ఒక బాక్స్ పంపాను. సున్నుండలు, కందిపొడి, కరివేపాకు కారం. అడుగున ఇంకోటి కూడా ఉంది, అది నువ్వే చూసుకో. మీ ఇంటికి తెచ్చిస్తే అత్తయ్య చూసి సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. అందుకని ఇరవై మూడున తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో నీ లైన్లోనే నీ చేతికి ఇచ్చేయమన్నాను. ఎలాగూ అటే కదా వెళ్ళేది! నీ షిఫ్ట్ టైమ్ హంసికని అడిగి కనుక్కున్నాను. నా తెలివి చూశావా?

ఈ ఉత్తరం కంటే ముందు బాక్సే అందుతుంది. అందగానే తిను. యూనిఫాంలోనే నిలబడి తిను.

అన్నట్టు ఈ కవరుకి టేప్ కూడా వేస్తున్నాను. పోస్టు తెచ్చేది అత్తయ్యే కదా, ఎందుకైనా మంచిదని... అయ్యో, నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఇప్పుడే చదివాను. అక్కా, స్మృతి పొద్దున్నే బయల్దేరిపోయింది. ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెట్టాను. నీకు ఫోన్ చేద్దామంటే అత్తయ్య వింటారు. నువ్వు కంగారుపడకు, నేను ఆపేస్తాను.

నమ్రత


ఇర్వింగ్,
అక్టోబర్ 25, శనివారం.

నమ్రతా,

నువ్వు ఆపలేదు. గురువారం నుంచి నువ్వు పదకొండుసార్లు ఫోన్ చేశావు, నేను కావాలనే ఎత్తలేదు. ఫోన్లో అయితే అరిచేదాన్ని.

ఏం జరిగిందో చెబుతాను, చదువు. గురువారం మధ్యాహ్నం. మూడో లైన్లో నేను. మీ స్మృతి రెండుంపావు గంటలు నిలబడి నిలబడి నా ముందుకొచ్చింది. పాపం వచ్చిన రోజే ఫోన్ పాడైపోయిందట, నీ మెసేజ్ చూడలేదు. బ్యాగ్ ట్రేలో పెట్టింది గానీ ఆ బాక్స్ పెట్టలేదు. బెల్టు మీదుగా వంగి రెండు చేతులతో నాకు అందించి, లైనంతా వినపడేలా "అనురాధక్కా! నమ్రత పంపింది. తీసుకోండి, బరువుగా ఉంది!" అంది.

మా సూపర్‌వైజర్ డెనీస్ మూడడుగుల దూరంలో ఉంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. బాక్స్ ట్రేలో పెట్టమన్నాను. మీ స్మృతి వింటేనా! "మొహమాటపడకండక్కా" అంటుంది. లైన్ ఆపేశారు. బాక్స్ తెరిచారు. సున్నుండల కింద కవరు, కవర్లో గ్రోసరీ గిఫ్ట్ కార్డులు. జీతం రాని ఆఫీసర్ చేతికి లైన్లోంచి ఒకావిడ కవరు ఇస్తోంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? నువ్వయితే ఏమనుకుంటావు?

పన్నెండు నిమిషాలు లైన్ ఆగింది. వెనక నాలుగు వందల మంది. స్మృతి ఏడ్చేసింది. డెనీస్ మంచి మనిషే, కానీ నాచేత స్టేట్‌మెంట్ రాయించుకోక తప్పలేదు. అది తేలేదాకా లీడ్ ఆఫీసర్ లిస్టులో నా పేరు పక్కన పెట్టారు. ఎనిమిదేళ్ళలో నా ఫైల్లో పడిన మొదటి కాగితం నీ సున్నుండల గురించి.

బాక్స్ స్మృతితోనే వెనక్కి పంపాను. నువ్వే తిను.

నువ్వు ప్రేమతోనే చేశావు, నాకు తెలియక కాదు. ఎవరైనా అటు వెళ్తున్నారంటే చాలు, చేతిలో ఒక డబ్బా పెట్టి పంపడం మనకి పుట్టుకతో వచ్చింది. కానీ అది నా చెక్‌పాయింట్, నమ్రతా. బస్టాండ్ కాదు.

అత్తయ్య ఇవాళ రెండో కాఫీ వద్దన్నారు. నాకు దిగులేసింది.

అనురాధ


రెడ్‌మండ్,
అక్టోబర్ 31, శుక్రవారం.

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. సారీ అని రాస్తే చిన్నదైపోతోంది. తప్పు నాది. స్మృతిది కాదు, మన అలవాటుది కూడా కాదు. నువ్వు వద్దన్న ఉత్తరం రాకముందే నీ తరఫున నేనే నిర్ణయం తీసుకున్నాను. డెనీస్‌గారికి ఇంగ్లీష్‌లో ఒక లెటర్ రాసి ఇందులో పెట్టాను. ఆ బాక్స్ నేను పంపానని, నీకు తెలియదని, నువ్వు ముందే వద్దని రాశావని. అవసరమైతే ఇవ్వు, లేకపోతే చింపేయ్.

"ఒక మనిషి ఖర్చు" అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. నీ వంతు లాక్కోవాలని కాదక్కా. నువ్వు ఒక్కదానివే మోస్తున్నావని భయమేసింది. ఈమధ్య నాకన్నిటికీ భయమే. మా టీమ్‌లో ఇద్దరిని తీసేశారు.

ఇకమీదట ఎవరి చేతా ఏమీ పంపను. మనవాళ్ళందరికీ చెప్పేశాను: ఆ ఎయిర్‌పోర్టులో మా అక్క కనిపిస్తే పలకరించొద్దు, నవ్వొద్దు, ముక్కూమొహం తెలియనట్టు వెళ్ళిపోవాలి, ఒక్క పలకరింపుతో ఆవిడ ఎనిమిదేళ్ళ కష్టం పోతుంది అని.

మిగిలింది అత్తయ్య. ఎనిమిదో తారీఖున ఆవిడ వచ్చేది నీ చెక్‌పాయింట్ మీదుగానే కదా! ఏమీ తెలియని మనిషి. నిన్ను చూడగానే వీల్‌చెయిర్‌లోంచి "అమ్మాయ్ అనురాధా, కాసిని మంచినీళ్ళియ్యి" అంటారు. సీసా అందిస్తారు. అయిపోయింది! ఆ రోజుకి నువ్వు లీవ్ పెట్టుకోకూడదా?

నీ కోపం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. నేనిక్కడే ఉంటాను.

నమ్రత


ఇర్వింగ్,
నవంబర్ 9, ఆదివారం.

నమ్రతకి,

అత్తయ్య క్షేమంగా చేరారని కౌశిక్ చెప్పాడు. సంతోషం. నిన్న ఏం జరిగిందో ఆవిడ చెప్పి ఉండరు. నేను చెబుతాను.

లీవ్ పెట్టలేదు. ఇలాంటి సమయంలో పెడితే అది వేరే మచ్చ. పొద్దున్నే డెనీస్‌కి చెప్పాను, ఇవాళ మా అత్తగారు వెళ్తున్నారు, సొంతవాళ్ళని నేను చూడకూడదు కాబట్టి నన్ను ఆ లైన్‌కి దూరంగా ఉంచమని. సరేనంది. కానీ అప్పటికే విమానాలు తగ్గించారు, రద్దయిన విమానాల జనమంతా మిగతా వాటికి ఎగబడ్డారు, మావాళ్ళు పదకొండు మందే వచ్చారు. పదింటికల్లా ఒక్క లైన్ మిగిలింది. లైనంతా చూసుకోవాల్సిన డెనీస్ కాక, అక్కడ ఆడ ఆఫీసర్ని నేనొక్కదాన్నే.

అత్తయ్య మోకాల్లో స్టీలు ఉంది కదా, మెషిన్ మోగింది. ఆడవాళ్ళని ఆడవాళ్ళే తడిమి చూడాలి. డెనీస్‌కి ఆ హడావిడిలో పొద్దున నేను చెప్పింది గుర్తులేదు. నన్ను పిలిచి ఆ వీల్‌చెయిర్‌లో ఉన్నావిడని చూడమంది. చుట్టూ జనం అరుస్తున్నారు. రెండు నిమిషాల పని. చేసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నేను "ఈవిడ మా అత్తగారు, నేను చూడకూడదు" అన్నాను.

డెనీస్ అత్తయ్య వైపు తిరిగి, ఈ అమ్మాయి మీకు తెలుసా అని అడిగింది.

అత్తయ్య "నో" అన్నారు.

నేను తెల్లబోయాను. "అత్తయ్యా, నేనెవరో చెప్పండి, పర్వాలేదు" అన్నాను తెలుగులో. ఆవిడ నా వైపు చూడనన్నా చూడలేదు. గోడ వైపు చూస్తూ "నో తెలుగు" అన్నారు. నుదుట విభూతి, గద్వాల చీర, చేతిలో కార్తీక పురాణం పుస్తకం. నో తెలుగు! మార్కస్ నవ్వాపుకోలేక పక్కకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంకో చెక్‌పాయింట్ నుంచి ఒకామె వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ కళ్ళు తిప్పలేదు. బ్యాగ్‌లో ఒక్క పచ్చడి సీసా కూడా లేదు, మంచినీళ్ళ సీసా ఖాళీ. అంతా అయ్యాక వీల్‌చెయిర్ గేటు వైపు తిరిగింది. వెనక్కి కూడా చూడలేదు.

ఉద్యోగం సంగతి చెబుతాను. షిఫ్ట్ అయ్యాక డెనీస్ పిలిచింది. "అంత జనంలో సొంత అత్తగారిని కూడా దాటనివ్వనిదానివి, ఒక లడ్డూ డబ్బాకి లొంగుతావా? నా రిపోర్ట్‌లో అదే రాశాను" అంది. నీ లెటర్ కూడా అందులో పెట్టింది. నా పేరు మళ్ళీ లిస్టులోకి వచ్చింది. డిసెంబర్లో ఇంటర్వ్యూ, ఆ పోస్టు నాకే వస్తుంది. రాసిపెట్టుకో.

కానీ మనసు బాగాలేదే. ఆరు నెలలు నా చేతి అన్నం తిని, నలుగురిలో నేనెవరో తెలియదన్నారు. ఆ యూనిఫాం అంటే ఆవిడకి అంత సిగ్గా? ఇంట్లో ఎంత చిన్నచూపు చూసినా పడ్డాను. అక్కడ, నా చోట, నా వాళ్ళ ముందు ఆ మాట అంటే తట్టుకోలేకపోయాను. ఆవిడని ఏమీ అడగకు. నీ వంతు మొదలైంది, బాగా చూసుకో.

అనురాధ


రెడ్‌మండ్,
నవంబర్ 15, శనివారం.

అక్కా,

గవర్నమెంట్ తెరిచారు! ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. అడగకు అన్నావు, నేను అడగలేదు. నీ ఉత్తరం తీసుకెళ్ళి అత్తయ్య చేతిలో పెట్టాను. నీకు చెప్పకుండా నేను చేసే చివరి పని ఇదే, ఒట్టు. ఆవిడ చదివి, దియ దగ్గర కాగితాలు అడిగి తీసుకుని పొద్దుటి నుంచీ రాస్తున్నారు. మిగతాది ఆవిడ మాటల్లోనే చదువు.

నమ్రత


అనురాధకి,

నమ్రత నీ ఉత్తరం తనే ఇచ్చి చదవమంది. ఈసారి ఆవిరి పట్టే పని లేకపోయింది.

నేను ఇంకొకళ్ళ కవరు చింపే మనిషిని కాదని రాశావట. నిజమే, ఒక్కటి కూడా చింపలేదు. ఇడ్లీ పాత్ర మీద ఆవిరి పట్టి తెరిచాను. మీ ఇంట్లో జిగురు ఎక్కడుందో తెలియక అన్నం మెతుకులతో అంటించాను. టేపు వేసినదానికి మాత్రం చాలా తంటాలు పడ్డాను. తప్పే. కానీ శశికాంత్ తలుపేసుకుని మాట్లాడేవి మీటింగుల్లా లేవు. రోజూ ఉద్యోగానికి వెళ్ళేవాడు రోజుకొకరికి తన పేరూ చదువూ మొదటి నుంచి చెప్పుకుంటాడా? మీరిద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారని తెలిసింది. ఎవరినడిగినా చెప్పరు. అందుకని చదివాను.

నా చేతికొచ్చినవి నమ్రత రాసినవే. నువ్వు రాసినవి నేనెరగను. నన్ను ముందే పంపించేయమని అది రాసింది. నువ్వేం జవాబిచ్చావో తెలియదు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే లేచి, అల్మారా మీద నా సూట్‌కేసు కిందకి దింపావేమోనని చూసేదాన్ని. ఎనిమిదో తారీఖు దాకా దింపలేదు. నీ జవాబు నాకు అలా తెలిసింది.

గుడికి రానన్నది మోకాలి నొప్పికి కాదు, కారు పెట్రోలు మిగల్చడానికి. చీర వద్దన్నది అలిగి కాదు. ఇవన్నీ నీకు చెబితే నువ్వు ఊరుకోవు కాబట్టి అలిగినట్టే ఉన్నాను.

ఒక్క పలకరింపుతో నీ ఎనిమిదేళ్ళ కష్టం పోతుందని నమ్రత రాసింది. నిన్ను చూడగానే నేను మంచినీళ్ళు అడుగుతానని కూడా రాసింది. అడగాలనే అనిపించింది తల్లీ, నోరెండిపోయింది. అడగలేదు. ఆ పొడుగాటావిడ నువ్వు తెలుసా అంటే, తెలుసంటే నీకేం ముంచుకొస్తుందోనని నో అన్నాను. నువ్వు తెలుగులో పిలిచేసరికి నీ మొహం చూస్తే బయటపడిపోతానని గోడ మీద రాతలు చూస్తూ కూర్చున్నాను. ఏం రాసుందో ఒక్క ముక్క అర్థం కాలేదు.

కానీ చెవులున్నాయి కదా. జనం నిన్ను ఎన్ని మాటలన్నారో విన్నాను. నువ్వు ఒక్కసారి గొంతు పెంచలేదు. ఒక ముసలాయన బెల్టు తీయలేక అవస్థ పడుతుంటే కుర్చీ తెప్పించి కూర్చోబెట్టావు. వెనకవాళ్ళు కేకలేస్తున్నా ఆయన్ని తొందరపెట్టలేదు. చెప్పులు విప్పించే ఉద్యోగం అన్నాను. తెలియక అన్నాను. తప్పు నాది.

నిన్న ఇక్కడ గుళ్ళో కార్తీక దీపాలు పెట్టారు. ఒకావిడ "పెద్ద కోడలు ఏం చేస్తారండీ?" అంది. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ ఆఫీసరు, సొంత అత్తనైనా రూలు దాటనివ్వదు అని చెప్పాను. ఆవిడ అడగకపోయినా ఇంకో నలుగురికి చెప్పాను.

మే ఎనిమిదికి మళ్ళీ నీ వంతు. సామాన్లు తీసుకునే చోట లైనూ రూలూ ఉండవట, నమ్రతని అడిగి తెలుసుకున్నాను. అక్కడికి యూనిఫాంలోనే రా. అందరికీ వినపడేలా నిన్ను పేరు పెట్టి పిలుస్తాను.

రెండో కాఫీ ఇక్కడ తాగుతున్నాను. నువ్వు కూడా తాగు.

అప్పటిదాకా ముక్కూమొహం తెలియని
మీ అత్తయ్య